మందుకే కాదు, హక్కుకూ వేళ ఉంది



యునానీ వైద్యంలో జబ్బుకు నాలుగు దశలు చెబుతారు: ఇబ్తిదా (ఆరంభం), తజయ్యుద్ (పెరుగుదల), ఇంతిహా (పరాకాష్ఠ), ఇన్హితాత్ (తగ్గుదల). ఏ దశ మందు ఆ దశలోనే ఇవ్వాలి. వైద్యంలో నిర్లక్ష్యం వల్ల హాని జరిగితే నష్టపరిహారం కోరడానికీ ఇలాగే వేళ ఉంది.

ఈమధ్య ఒక పెద్దాయన కూతురిని వెంటబెట్టుకొని దవాఖానాకు వచ్చారు. నాలుగేళ్ళ క్రితం ఆపరేషన్ అయినప్పటి నుండి అమ్మాయికి నొప్పి తగ్గలేదట. "అల్లాహ్ రాత అని సబర్ చేశాం హకీం సాబ్, ఇప్పుడు కేసు వేయవచ్చా?" అన్నారు. వెంటనే వకీలును కలవమన్నాను గానీ, ఆలస్యమైందనే బెంగ నాకు లేకపోలేదు.

డబ్బు తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2019 నాటి చట్టం ప్రకారం ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కమిషన్ మన్నించవచ్చు, కానీ అది ఖాయం కాదు.

రెండేళ్ళు ఎప్పటి నుండి? హాని వెంటనే తెలిస్తే ఆ రోజు నుండే. లోపల దాగి ఉంటే, అది తెలిసిన రోజు నుండి, లేదా తగు శ్రద్ధ పెడితే తెలిసి ఉండే రోజు నుండి. ఒక నర్సుకు 1993లో పిత్తాశయం ఆపరేషన్ జరిగింది. కడుపులో గాజుగుడ్డ ఉండిపోయిన సంగతి 2002లో బయటపడింది. 2004లో ఫిర్యాదు చేశారు. అన్నేళ్ళు నొప్పి పడుతూ కూడా ఆపరేషన్ చేసిన డాక్టరును అడగలేదంటూ 2010లో సుప్రీంకోర్టు ఆ ఫిర్యాదును గడువు దాటినదిగా తోసిపుచ్చింది.

అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రిపై ఈ చట్టం వర్తించదు. అప్పుడు సివిల్ కోర్టే దారి. అక్కడి గడువులు వేరు గనుక మొదట్లోనే వకీలును అడగండి.

గుర్తుంచుకోవలసినవి:

1. డిశ్చార్జి కాగితం, బిల్లులు, స్కాన్‌లు పారవేయకండి. ఇన్‌పేషెంట్ రికార్డును డాక్టర్లు మూడేళ్ళు భద్రపరచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. రాతపూర్వకంగా అడగండి.

2. ఆసుపత్రికి ఉత్తరాలు రాస్తూ, రాజీ మాటలు నడుపుతూ కూర్చుంటే గడువు ఆగదు.

3. విశాఖపట్నంలో వైద్యం చేయించుకున్నా, మీరు నివసించే గంజాం జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు.

4. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచిత సహాయం ఇస్తుంది.

జబ్బు నయం కాని ప్రతిసారీ డాక్టరుది తప్పు కాదు. తగిన శ్రద్ధ చూపాడా లేదా అన్నదే ప్రశ్న. ఇది మాకూ వర్తిస్తుంది. హోమియో చదివి అల్లోపతి మందులిచ్చిన వైద్యుణ్ణి 1996లో సుప్రీంకోర్టు నిర్లక్ష్యానికి బాధ్యుణ్ణి చేసింది. వైద్యం తెలియకుండా చేసినవాడు హానికి బాధ్యుడని హదీసు కూడా చెబుతుంది.

సబర్ అంటే చేతులు కట్టుకొని కూర్చోవడం కాదు. ఒంటిలో తేడా కనిపిస్తే ముందు వైద్యుణ్ణి అడగండి, అనుమానం తీరకపోతే వేళ మించకుండా వకీలును అడగండి.

అల్లాహ్ అందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.