కారు రూపమూ, కారు నాణ్యతా

కార్లంటే మోజున్నవాళ్లు నలుగురు చేరితే ఒక మాట తప్పక వస్తుంది: "అన్ని కంపెనీల కార్లూ ఒకే మూసలో పోసినట్లున్నాయి, నాణ్యత కూడా పోయింది." ఇందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. వాటిని విడదీసి పరిశీలిద్దాం.

మొదటిది రూపం. 1980ల తొలినాళ్లలో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ షెవ్రొలే, పాంటియాక్, ఓల్డ్స్‌మొబైల్, బ్యూయిక్ అనే నాలుగు పేర్లతో ఒకే చట్రం మీద నాలుగు కార్లు తెచ్చింది. చాలా భాగాలు ఉమ్మడివి కనుక అచ్చుల ఖర్చు కలిసివస్తుందని లెక్క. 1983లో ఫార్చ్యూన్ పత్రిక ఆ నాలుగింటినీ పక్కపక్కన ముఖచిత్రంగా వేసింది. ఏది ఏదో పోల్చుకోవడమే కష్టమైంది!

రెండవది నాణ్యత. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఇదే సంస్థ కర్మాగారం నాసిరకం పనికీ, గైరుహాజరీకీ పేరుపడి 1982లో మూతబడింది. 1984లో టయోటాతో కలిసి దాన్నే మళ్లీ తెరిచారు. కార్మికుల్లో ఎక్కువమంది పాతవాళ్లే. మారింది పని పద్ధతి. లోపం కనబడితే ఏ కార్మికుడైనా తాడు లాగవచ్చు. అక్కడికక్కడే సరిదిద్దలేకపోతే లైను ఆగిపోతుంది. అక్కడ తయారైన షెవ్రొలే నోవా కరోలాకు తోబుట్టువు, చూపులకు సాదాసీదా బండి. అయినా లోపాలు ఆ సంస్థ పాత కర్మాగారాల్లోకంటే బాగా తగ్గాయి.

కాబట్టి చప్పటి రూపానికి కారణం ఖర్చుల లెక్క. నాణ్యతకు ఆధారం పని జరిగే తీరు. రేపు కర్మాగారాల్లో అధికారులు కాబోయే మిత్రులు కార్మికుణ్ణి నిందించే ముందు, అతని చేతికి ఆ తాడు ఇచ్చామా అని ఆలోచించాలి.