పాఠములు మన యొద్దనే ఉంచుకొనుట



షోలాపూరు, బరంపురము, హోసూరు, బెంగుళూరు వంటి చోట్ల స్థిరపడిన మన కుటుంబములలో పిల్లలు ఇంట తెలుగు మాటలాడుచున్నారు. బడిలో మాత్రము మరాఠీ, ఒడియా, తమిళము, కన్నడము, ఇంగ్లీషు అక్షరములు నేర్చుచున్నారు. తాత చదువు తెలుగు పుస్తకమును మనుమడు చదువలేకున్నాడు. వారమునకొక గంట తరగతి పెట్టినను, మిగిలిన ఆరు దినములలో నేర్చినది మరచిపోవుచున్నారు. ఇందుకు తోడ్పడు ఒక సాధనమును ఈ పాఠములో తెలిసికొందము.

1. సాధనము ఏది?

పాఠములు, అభ్యాసములు, పిల్లల ప్రగతి ఒకేచోట ఉంచు సాఫ్ట్‌వేర్లు అనేకము గలవు. 2002లో వచ్చిన మూడుల్ కళాశాలలలో ప్రసిద్ధి. దానిని నడుపుటకు సర్వరు, డేటాబేసు తెలిసినవారు కావలెను. చిన్న సంఘమునకు కోలిబ్రి చాలును. ఖాన్ అకాడమీ పాఠములను ఇంటర్నెట్టు లేని చోట్లకు చేర్చుటకు 2012లో కె.ఎ. లైట్ తయారుచేసినవారే 2017లో కోలిబ్రిని విడుదల చేసిరి. ఇది ఉచితము. విండోస్, లినక్స్ కంప్యూటర్ల మీదను, రాస్ప్‌బెర్రీ పై అను చిన్న కంప్యూటరు మీదను నడుచును. తెరమీది మాటలను తెలుగులో పెట్టుకొనవచ్చును.

2. అమర్చు విధము

(అ) ఒక కంప్యూటరులో కోలిబ్రిని ఇన్‌స్టాల్ చేయవలెను. మొదటిసారి తెరచినప్పుడు భాష, కేంద్రము పేరు, నిర్వాహకుని పేరు, పాస్‌వర్డు అడుగును.

(ఆ) మన పాఠములను కోలిబ్రి స్టూడియో అను వెబ్‌సైటులో చేర్చవలెను. అక్షరముల పుటలు పి.డి.ఎఫ్.గాను, పెద్దలు చదివిన పాఠములు ఎం.పి.3గాను ఇవ్వవచ్చును, ప్రశ్నలు కూడ కూర్చవచ్చును. ప్రచురించిన పిమ్మట ఒక సంకేతపదము వచ్చును. దానితో పాఠములను మన కంప్యూటరులోనికి దింపుకొనవలెను. అటుపిమ్మట ఇంటర్నెట్టు అక్కరలేదు. అదే సంకేతపదముతో వేరొక ఊరి సంఘమువారును వాటిని దింపుకొనగలరు.

(ఇ) కంప్యూటరును వైఫై రూటరుకు కలుపవలెను. పిల్లలు ఫోనులోని బ్రౌజరులో ఆ కంప్యూటరు ఐ.పి. అంకెలు, వాటి చివర రెండు చుక్కలు, 8080 అని కొట్టిన పాఠములు తెరచుకొనును.

(ఈ) తరగతి ఏర్పరచి, విద్యార్థులను, ఉపాధ్యాయులను అందులో చేర్చవలెను. చిన్నపిల్లలు పాస్‌వర్డు లేకుండ ప్రవేశించు ఏర్పాటును గలదు.

3. జాగ్రత్తలు

మన యువకులు ఉద్యోగములకై ఊళ్లు మారుచుందురు. పాస్‌వర్డు ఒక్కరియొద్దనే ఉన్నయెడల, వారు వెళ్లిన దినమున తరగతికి తాళము పడును. కనుక ఇద్దరియొద్ద ఉండవలెను. నెలకొకసారి కోలిబ్రి ఫోల్డరును పెన్‌డ్రైవులో నకలు తీసి వేరొక యింట ఉంచవలెను. పిల్లల ఫోను నంబర్లు, చిరునామాలు అందులో వ్రాయరాదు. ఇతరుల పుస్తకములను అనుమతి లేక చేర్చరాదు.

4. ఉపాధ్యాయుని పని

ఏ పిల్లవాడు ఏ అభ్యాసములో ఆగెనో కోలిబ్రి చూపును. ఎందుకు ఆగెనో ఉపాధ్యాయుడే కనిపెట్టవలెను. కన్నడ లిపి మన లిపికి దగ్గరది. ఆ పిల్లలు త్వరగా అందుకొందురు. తమిళములో క, ఖ, గ, ఘ లకు ఒకే అక్షరము. ఆ బడి పిల్లలు ఇచ్చట తడబడుదురు. మరాఠీ, ఒడియా పిల్లలకు ఈ ధ్వనులు తెలియును గాని అక్షరముల రూపము క్రొత్త. కాబట్టి తరగతిలో గుంపులు చేసి, ఒక్కొక్క గుంపునకు తగిన పాఠము ఇవ్వవలెను. చేతివ్రాత మాత్రము పలక మీదనో, కాగితము మీదనో దిద్దించవలసినదే.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మన సంఘములో తెలుగు మాటలాడుచు, చదువలేని పిల్లలు ఎందరు?
2. పాఠములను స్పష్టముగా చదివి రికార్డు చేయగల పెద్దలు ఎవరు?
3. పాస్‌వర్డు ఉంచుకొను ఆ ఇద్దరు ఎవరు?

ఈ మూడింటికి పేర్లు వ్రాసికొనిన పిమ్మటనే కంప్యూటరు తెరువుడని మా మనవి.