మందకొక నోటు పుస్తకం



నౌపడ అనగానే అందరికీ ఉప్పు మడులు గుర్తుకు వస్తాయి. కానీ గొర్రెల మందను నమ్ముకొని బతికే కుటుంబాలు కూడా మన ప్రాంతంలో ఉన్నాయి. పిల్లల చదువుకైనా, ఇంట్లో పెళ్ళికైనా ముందు అమ్మేది పొట్టేలునే. అంటువ్యాధి వస్తే ఆ ఆస్తి కొద్దిరోజుల్లోనే కరిగిపోతుంది. అందుకే వ్యాధి ఎలా వ్యాపిస్తోందో గమనించడం మనం నేర్చుకోవాలి.

పారుడు రోగం (పి.పి.ఆర్.)

మన దేశంలో దీనిని మొదట 1987లో తమిళనాడులో గుర్తించారు. ఇది వైరస్ వల్ల గొర్రెలకు, మేకలకు వస్తుంది. జబ్బు గొర్రె దగ్గినా, తుమ్మినా పక్కవాటికి సోకుతుంది. సాధారణంగా 4 నుండి 6 రోజుల్లో తీవ్రమైన జ్వరం, కళ్ళు, ముక్కు కారడం, నోటిలో పుండ్లు, తరువాత పారుడు కనిపిస్తాయి. మనుషులకు ఇది సోకదు.

లెక్క ఎలా రాయాలి?

రోజూ తేదీ, మొత్తం గొర్రెలు, కొత్తగా జబ్బుపడినవి, చనిపోయినవి, కొత్తగా కొన్నవి రాయాలి.

ఉదాహరణకు 60 గొర్రెల మంద ఉందనుకుందాం. సంతలో కొన్న గొర్రెకు 1వ తేదీన జ్వరం వచ్చింది. 6వ తేదీన మరో 3, 11వ తేదీన మరో 8 జబ్బుపడ్డాయి. మొత్తం 12. వాటిలో 3 చనిపోయాయి.

వ్యాధి సోకినవి: 12 ÷ 60 × 100 = 20 శాతం
జబ్బుపడిన వాటిలో మరణాలు: 3 ÷ 12 × 100 = 25 శాతం

1, 3, 8 అని ఐదేసి రోజుల ఎడంతో పెరిగితే, ఒకదాని నుండి మరొకదానికి అంటుకుంటోందని అనుమానించాలి. తొలకరి లేత గడ్డి మేసి బలమైన పిల్లలు హఠాత్తుగా చనిపోతే అది చిటుకు రోగం కావచ్చు. అది అంటువ్యాధి కాదు. మూతి వాచి నాలుక నీలిగా మారితే నీలి నాలుక వ్యాధి కావచ్చు. అది కుట్టే చిన్న ఈగల వల్ల వ్యాపిస్తుంది. ఏ రోగమో నిర్ధారించవలసింది మాత్రం పశువైద్యుడే. మన పుస్తకం ఆయనకు దారి చూపుతుంది.

చేయవలసిన పనులు

1. కొత్తగా కొన్న గొర్రెలను 21 రోజులు విడిగా ఉంచాలి.
2. జబ్బువాటికి మేత, నీరు వేరుగా పెట్టాలి. ముందు మంచివాటిని చూసుకొని, చివరకే వాటి దగ్గరకు వెళ్ళాలి.
3. చనిపోయినవాటిని చెరువులో, కాలువలో పడేయరాదు. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి.
4. జబ్బు గొర్రెను సంతకు తోలరాదు. తోలితే మన నష్టాన్ని పది ఊళ్ళకు పంచినట్లే. ఒడిశా పక్కనే ఉంది, రోగానికి సరిహద్దు లేదు.
5. వెంటనే పశువైద్యశాలకు గాని, 1962 నంబరుకు గాని తెలపాలి. 2009 నాటి చట్టం ప్రకారం ఇటువంటి అంటువ్యాధులను దాచరాదు.
6. నాలుగు నెలలు దాటిన పిల్లలకు పారుడు రోగం టీకా వేయించాలి. మూడేళ్ళు రక్షణ ఉంటుంది.

ఈ వైరస్‌కు దగ్గరి చుట్టమైన రిండర్‌పెస్టు ఒకప్పుడు లక్షల పశువులను చంపింది. ఊరూరా టీకాలు వేసి, ప్రతి కేసునూ వెతికి పట్టుకోవడం వల్ల 2011లో అది ప్రపంచం నుండే పోయింది. పారుడు రోగాన్ని 2030 నాటికి నిర్మూలించాలని ప్రపంచ దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. ఆ పనిలో మన వంతు మంద దగ్గరే మొదలవుతుంది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకెళ్ళండి. అమ్మానాన్నలకు గొర్రెను చూడగానే తేడా తెలుస్తుంది. ఆ తేడాను తేదీతో సహా రాసిపెట్టడం మీ పని.