పట్టుచీరకి చిల్లులు పెట్టిందెవరు?

పిల్లలూ, అమ్మ దాచుకున్న పట్టుచీరకి చిన్న చిన్న చిల్లులు పడ్డాయనుకోండి. ఎవరి పని? ఎలుకది కాదు. కార్పెట్ పురుగు పిల్లది!

పెద్ద పురుగు చీర జోలికి రాదు. గుండ్రంగా, రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. పూల పుప్పొడి తింటుంది. కిటికీ దగ్గర కనిపించేది అదే. గుడ్లు మాత్రం ఇంట్లో పెడుతుంది. అందులోంచి వచ్చే పిల్లపురుగుకి ఒళ్ళంతా వెంట్రుకలే. దానికి ఉన్ని, పట్టు, ఈకలు, రాలిన జుట్టు అంటే మహా ఇష్టం. శుభ్రమైన నూలు బట్టని సాధారణంగా ముట్టదు. పట్టుపురుగు కష్టపడి తీసిన దారాన్ని ఇంకో పురుగు తినేస్తుందన్నమాట!

ఇండియాలో అమ్మమ్మలు బట్టల మధ్య కలరా ఉండలు పెడతారు. అవి విషం, మీరు ముట్టుకోకండి. ఇక్కడ అమెరికా ఇళ్ళల్లో గదంతా కార్పెట్ కదా, ముందు వాక్యూమ్ చెయ్యాలి. సోఫా కింద, గోడ అంచుల్లో, క్లాజెట్ మూలల్లో బాగా చెయ్యాలి. మరి చీర? పట్టుని వేడినీళ్ళలో ఉతకలేం. ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచితే గుడ్లూ పిల్లలూ చచ్చిపోతాయి. (ఫ్రీజర్‌లో చీరేంటని నాన్న నవ్వినా సరే!) తీశాక ఒక రోజు ఆగి సంచి విప్పాలి, లేకపోతే చీరకి చెమ్మ పడుతుంది.

కొత్త మాటలు
పుప్పొడి: పూలలో ఉండే సన్నని పొడి
ఉన్ని: గొర్రె బొచ్చుతో చేసే దారం
చెమ్మ: కొంచెం తడి

మాట్లాడండి, రాయండి
ఈ వారం ఫోన్‌లో "అమ్మమ్మా, నువ్వు పట్టుచీరలు ఎలా దాస్తావు?" అని అడగండి. ఆవిడ చెప్పింది మూడు వాక్యాల్లో రాయండి.