వేలు నెమ్మదిస్తే ఆట ఆపేయాలా?

ముప్పై అయిదు దాటినవాళ్లు ఫోనులో షూటింగ్ గేమ్ ఆడి ఓడిపోగానే అనే మాట ఒకటుంది: "మన వయసు అయిపోయిందబ్బా!" నంద్యాలలో రాత్రి అంగడి కట్టేసి నాలుగు రౌండ్లు ఆడుకునే వ్యాపారి అదే అంటాడు. ఆళ్లగడ్డలో బడి నుంచి వచ్చి కాసేపు ఫోను పట్టుకునే అయ్యవారూ అదే అంటాడు. ఇంట్లో పదిహేనేళ్ల పిల్లోడు "నీతో కాదులే చిన్నాయనా, ఫోనిట్లియ్యి" అంటూ చెయ్యి చాస్తాడు. ఆయన ఇచ్చేస్తాడు. ఇవ్వకండి. ముందు వయసు ఎంత తీసుకుంటుందో, ఏం మిగులుస్తుందో తెలుసుకోండి.

వేగం తగ్గే మాట నిజం, అదీ మీరు అనుకున్నదాని కంటే ముందే. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు స్టార్‌క్రాఫ్ట్ 2 అనే కంప్యూటర్ ఆట ఆడే 3,305 మంది ఆటలను పరిశీలించి 2014లో ఫలితాలు ప్రచురించారు. ఆటగాళ్లంతా 16 నుంచి 44 ఏళ్ల మధ్యవాళ్లు. తెర మీద కొత్త దృశ్యం కనబడ్డాక మొదటి పని చేయడానికి పట్టే సమయం 24 ఏళ్ల నుంచే పెరుగుతూ వచ్చింది. ఆరితేరిన ఆటగాళ్లకూ మినహాయింపు దొరకలేదు. అంటే మీ పిల్లోడికి కూడా ఇంకో తొమ్మిదేళ్లే గడువు.

అయితే తగ్గేది ఏమిటో చూడండి. దీపం వెలగగానే బటన్ నొక్కడం లాంటి ఒకే ఒక్క పనిలో యాభై ఏళ్ల దాకా పెద్ద తేడా రాదు. ఎడమకా కుడికా, కాల్చాలా దాక్కోవాలా అని ఎంచుకోవాల్సి వస్తేనే ఆలస్యం ఏడాదికేడాది పెరుగుతుంది. 2022లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ పరిశోధకులు దాదాపు 12 లక్షల మంది స్పందనలను విశ్లేషించారు. ఇరవై దాటాక మనం నెమ్మదించడానికి కారణం మెదడు మొద్దుబారడం కాదనీ, తప్పు చేయకూడదన్న జాగ్రత్త పెరగడం, చేతి కదలిక కాస్త ఆలస్యం కావడమేననీ తేల్చారు. ఆలోచన వేగం మాత్రం అరవై దాకా పెద్దగా తగ్గలేదు. నలభై ఏళ్ల మనిషి తనను తాను తిట్టుకునే ముందు ఈ సంగతి గుర్తుచేసుకోవాలి. మీరు ఆలస్యం చేస్తున్నది ఎక్కువగా మందబుద్ధి వల్ల కాదు, ముందుజాగ్రత్త వల్ల.

కెనడా పరిశోధనలోనే నాకు అన్నిటికంటే నచ్చిన అంశం మరొకటుంది. వయసు పెరిగిన ఆటగాళ్లు షార్ట్‌కట్ కీలు ఎక్కువగా వాడారు, తమకు తేలికగా సాగే పద్ధతులు ఎంచుకున్నారు, పోయిన వేగాన్ని అలా పూడ్చుకున్నారు. టైపిస్టుల మీద మనస్తత్వవేత్త తిమోతి సాల్ట్‌హౌస్ 1984లో చేసిన పరిశోధన కూడా ఇదే దారి చూపింది. పెద్ద వయసువాళ్ల వేళ్లు విడిగా పరీక్షిస్తే నెమ్మదిగానే కదిలాయి. కాగితం ఇచ్చి టైప్ చేయమంటే మాత్రం కుర్రవాళ్లతో సమానంగా కొట్టారు. కొడుతున్న అక్షరం కంటే చాలా ముందున్న అక్షరాల మీద వాళ్ల చూపు ఉండటమే కారణం. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే పెద్దాయన కుర్రాడికంటే వేగంగా సుత్తి ఆడించడు, కానీ వృథా దెబ్బ వేయడు. ఆటలో మీరు పట్టుకోవాల్సిన ఒడుపు అదే.

కాబట్టి ఎంపికలు తగ్గించుకోండి. ఎదురుగా ఉన్న దారులు పెరిగేకొద్దీ నిర్ణయానికి పట్టే సమయం పెరుగుతుందని బ్రిటన్ మనస్తత్వవేత్త హిక్ 1952లోనే చూపించాడు. పది తుపాకులు మార్చి మార్చి వాడకండి, రెండింటితో చెయ్యి కుదుర్చుకోండి. ఒకే మ్యాప్‌ను మూలమూలలా నేర్చుకోండి. శత్రువు ఏ కిటికీలోంచి తొంగిచూస్తాడో ముందే తెలిసినవాడికి మెరుపు వేగంతో పని లేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, చూపుకంటే వినికిడికి మనిషి త్వరగా స్పందిస్తాడు. స్క్వాడ్‌లో ముందుకు దూకే పని కుర్రాళ్లకు వదిలి, ఎప్పుడు కదలాలో ఎక్కడ ఆగాలో చెప్పే పని మీరు తీసుకోండి.

వయసు మీద నెపం వేసే ముందు ఫోనునూ అనుమానించండి. పింగ్ 100 చూపిస్తోందంటే సెకనులో పదో వంతు నెట్‌వర్కే తినేస్తోంది. అందులో మీ తప్పేమీ లేదు. నలభై దాటినవాళ్లు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. చత్వారం వచ్చినా అద్దాలు పెట్టుకోకుండా చిన్న తెర మీద మసకగా చూస్తూ, వేలు నెమ్మదించిందని బాధపడేవాళ్లు చాలామందే ఉంటారు. నిద్ర తక్కువైతే ఇరవై ఏళ్లవాడి చెయ్యీ తడబడుతుంది. అర్ధరాత్రి రెండింటికి ఓడిపోతే అది ఓటమి లెక్కలోకి రాదు, ఫోను పక్కన పెట్టి పడుకోండి. ఇదంతా సరదా ఆట గురించే చెబుతున్నాను. డబ్బు పెట్టి ఆడే యాప్‌లను నేను ఆట కింద లెక్కపెట్టను. 2025లో కేంద్రం వాటిని చట్టం చేసి నిషేధించింది, మంచి పని చేసింది.

కొత్తది ఈ వయసులో ఎక్కడ అబ్బుతుందంటారా? నంద్యాలవాళ్లు ఆ ప్రశ్న వేయకూడదు. 1991 ఉపఎన్నికలో 70 ఏళ్ల పి.వి. నరసింహారావును ఐదు లక్షల ఎనభై వేల మెజారిటీతో పార్లమెంటుకు పంపిన ఊరు మనది. ఆ పెద్దాయన అరవై దాటాకే కంప్యూటర్ ముందు కూర్చుని, పట్టుబట్టి ప్రోగ్రామింగ్ కూడా నేర్చుకున్నారని ఆయన కుమారుడు చెప్పారు. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు 60 నుంచి 85 ఏళ్లవాళ్లకు కారు నడిపే వీడియో గేమ్ ఒకటి ఇచ్చి నెల రోజుల్లో 12 గంటలు ఆడించారు. రెండు పనులు ఒకేసారి చేయడంలో వాళ్లు, సాధన లేని ఇరవై ఏళ్లవాళ్లను దాటేశారు. ఆ మెరుగు ఆరు నెలల తర్వాతా నిలిచింది. కొరియా ఆటగాడు ఫేకర్ 2013లో పదిహేడేళ్లకు లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటలో ప్రపంచ విజేత అయ్యాడు. 2024లో 28 ఏళ్లప్పుడు మళ్లీ గెలిచి, ఫైనల్లో ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. జపాన్‌లో హమాకో మోరి అనే బామ్మ 90 ఏళ్లకు యూట్యూబ్‌లో గేమ్‌లు ఆడి చూపిస్తూ గిన్నిస్‌కెక్కారు. ఎవరి స్థాయి వారిదే కావచ్చు, దారి మాత్రం అందరికీ తెరిచే ఉంది.

తగ్గిన వేగానికి తలవంచి తీరాల్సిన చోటు మాత్రం ఒకటుంది, అది రోడ్డు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు 22 మీటర్లు దాటిపోతారు. స్పందన సెకనులో ఐదో వంతు ఆలస్యమైనా, బ్రేకు మీద కాలు పడేలోపు బండి నాలుగు మీటర్లకు పైగా అదనంగా వెళ్లిపోతుంది. మూడు సెకన్లు ఫోను వైపు చూస్తే 66 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. యాభై దాటినవాళ్లు ముందు వెళ్లే లారీకి కుర్రాళ్లకంటే ఎక్కువ ఎడం వదలండి, చీకటి పడితే వేగం తగ్గించండి, హ్యాండిల్ పట్టుకున్నంతసేపూ ఫోను జేబులోంచి తీయకండి.