మోకాలి గుజ్జు అరుగుదల: ఎంఆర్‌ఐ ఏమి చూపుతుంది, ఎవరికి అవసరం?

మోకాళ్ళ నొప్పితో వైద్యుని వద్దకు వెళ్ళే తొండియార్‌పేట తెలుగువారికి రెండు తమిళ మాటలు తెలిసి ఉండడం మంచిది. మొదటిది ‘మూట్టు తేయ్‌మానం’, అనగా కీలు అరుగుదల. రెండవది ‘కురుత్తెలుంబు’, అనగా మృదులాస్థి. వాడుకలో మనం ‘గుజ్జు’ అనేది దీనినే. ఈ మాటల వెనుకనే “ఎంఆర్‌ఐ తీయించాలా?” అనే ప్రశ్న కూడా వస్తుంది. రోజు కూలితో, నెల జీతంతో నడిచే కుటుంబానికి అది చిన్న ఖర్చు కాదు. ఆ పరీక్ష ఏమి చూపగలదో, ఏమి చెప్పలేదో, ఎవరికి నిజంగా ఉపయోగపడుతుందో ఈ పాఠం వివరిస్తుంది.

గుజ్జు స్వభావం

తొడ ఎముక కింది కొనను, కాలి ఎముక పై కొనను, మోకాలి చిప్ప వెనుక భాగాన్ని నున్నని తెల్లని పొర కప్పి ఉంచుతుంది. అదే మృదులాస్థి. దాని మందం కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. అందులో అధిక భాగం నీరు. మిగిలినదానిలో ముఖ్యమైనవి కొల్లాజెన్ అనే పోగుల వల, ఆ వలలో నీటిని పట్టి ఉంచే ప్రోటియోగ్లైకాన్ అనే అణువులు. అడుగు వేసినప్పుడు ఈ పొర కొద్దిగా నొక్కుకొని, బరువు తొలగగానే మళ్ళీ పూర్వరూపానికి వస్తుంది.

ఈ పొరలో రక్తనాళాలు లేవు; అందువలన ఒకసారి దెబ్బతింటే సులభంగా మానదు. నరాలు కూడా లేవు. అందువలన నొప్పి గుజ్జులో నేరుగా పుట్టదు. కింది ఎముక నుండి, కీలు లోపలి పొర నుండి, చుట్టూ ఉన్న కండరాలు, బంధనాల నుండి అది పుడుతుంది. గుజ్జు ఎంత అరిగిందనేది, నొప్పి ఎంత ఉందనేది ఒకటి కాకపోవడానికి ఇది ఒక కారణం.

ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ: తేడా ఏమిటి?

ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది, గుజ్జు కనబడదు. రెండు ఎముకల మధ్య సందు ఎంత తగ్గిందో చూసి గుజ్జు అరుగుదలను అంచనా వేస్తారు. అందుకే ఈ ఎక్స్‌రేను రోగి నిలబడి, కాళ్ళపై బరువు మోపి ఉండగా తీయడం మేలు. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే వైద్యులు ప్రకటించిన 0 నుండి 4 వరకు గల గ్రేడులే నేటికీ ఎక్స్‌రే రిపోర్టులలో వాడుకలో ఉన్నాయి.

ఎంఆర్‌ఐ గుజ్జునే నేరుగా చూపుతుంది. శరీరంలోని నీటిలో హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. బలమైన అయస్కాంతం వాటి కేంద్రకాలను ప్రభావితం చేస్తుంది. రేడియో తరంగాలు వాటిని కదిలిస్తాయి. అవి తిరిగి పంపే సంకేతాల నుండి కంప్యూటరు చిత్రాన్ని నిర్మిస్తుంది. ఆస్పత్రులలో సాధారణంగా 1.5 లేదా 3 టెస్లా శక్తి గల యంత్రాలు ఉంటాయి. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. ఈ విధానానికి పునాది వేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమతి లభించింది. గుజ్జుతో పాటు మెనిస్కస్ అనే నెలవంక ఆకారపు మెత్తలు, లిగమెంట్లు, ఎముక మజ్జ, కీలులో చేరిన నీరు కూడా ఈ చిత్రంలో కనబడతాయి.

రిపోర్టులోని గ్రేడులు

1961లో అవుటర్‌బ్రిడ్జ్ అనే వైద్యుడు శస్త్రచికిత్సలో కంటితో చూసి గుజ్జు దెబ్బను గ్రేడులుగా విభజించాడు. దానిని కొద్దిగా మార్చి ఎంఆర్‌ఐ రిపోర్టులలో వాడుతున్నారు. వాటి అర్థం స్థూలంగా ఇది:

గ్రేడు 1: పొర మందం తగ్గలేదు; లోపల మెత్తబడిన గుర్తులు ఉన్నాయి.
గ్రేడు 2: దెబ్బ పొర మందంలో సగానికంటె తక్కువ లోతు వరకు ఉంది.
గ్రేడు 3: దెబ్బ సగానికి మించి లోతుగా ఉంది, కాని ఎముకను చేరలేదు.
గ్రేడు 4: పొర పూర్తిగా పోయి ఎముక బయటపడింది.

గ్రేడు 4 అని వ్రాసినంత మాత్రాన మోకాలంతా అరిగిపోయిందని అర్థం కాదు. ఒక చిన్న చోట మాత్రమే పొర పోయి ఉండవచ్చు. ఎక్కడ, ఎంత వెడల్పున అన్నది వైద్యుని అడిగి తెలుసుకోవాలి. ఎక్స్‌రే గ్రేడు, ఎంఆర్‌ఐ గ్రేడు వేర్వేరు కొలతలు; ఒకదాని అంకెను మరొకదానితో పోల్చి భయపడనవసరం లేదు.

అరగకముందే గుర్తించే ప్రయత్నం

పొర పలుచబడకముందే దానిలోని ప్రోటియోగ్లైకాన్ తగ్గుతుంది. ఆ తొలి మార్పును పట్టుకునే మార్గం కోసం శాస్త్రవేత్తలు ఎంతోకాలంగా కృషి చేస్తున్నారు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో దువ్వూరి ఉమామహేశ్వర్, రవీందర్ రెడ్డి తదితరులు 1997లో ప్రకటించిన పరిశోధన వాటిలో ఒకటి. మృదులాస్థి నుండి ఆ అణువులను ఎంజైముతో తొలగించినప్పుడు ‘టీ1 రో’ అనే ఎంఆర్‌ఐ కొలత మారుతుందని వారు చూపారు. ‘టీ2 మ్యాపింగ్’ మరొక కొలత. అది పొరలోని నీటి మార్పును, పోగుల అమరికను తెలుపుతుంది. 2004లో ప్రారంభమైన ‘ఆస్టియో ఆర్థరైటిస్ ఇనీషియేటివ్’ అనే అమెరికా అధ్యయనం 4,796 మంది మోకాళ్ళను సంవత్సరాల తరబడి ఎంఆర్‌ఐతో పరిశీలించింది. ఈ కొలతలు ప్రధానంగా పరిశోధనకు చెందినవి. మామూలు మోకాలి నొప్పికి వీటిని కోరి తీయించుకోవలసిన అవసరం లేదు.

చిత్రం వేరు, నొప్పి వేరు

అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 50 ఏళ్ళు దాటిన 710 మందికి ఎంఆర్‌ఐ తీశారు. వారి ఎక్స్‌రేలలో కీలు అరుగుదల గుర్తులు లేవు. అయినా 89 శాతం మందికి ఎంఆర్‌ఐలో ఏదో ఒక లోపం కనబడింది. 69 శాతం మందికి గుజ్జు దెబ్బ ఉంది. నొప్పి లేనివారిలో కూడా అత్యధికులకు ఇటువంటి లోపాలు ఉన్నాయి. 2012లో ఈ ఫలితం వెలువడింది. అదే పట్టణంలో జరిగి 2008లో వెలువడిన మరొక అధ్యయనంలో, మెనిస్కస్ చిరిగినవారిలో 61 శాతం మందికి అంతకు ముందు నెలలో నొప్పి గాని, పట్టేయడం గాని లేవు.

కాబట్టి నడివయసు దాటినవారి రిపోర్టులో ‘చిరుగు’, ‘అరుగుదల’ అనే మాటలు ఉండడం సాధారణం. వాటిని చూసి వెంటనే ఆపరేషన్‌కు సిద్ధపడడం తొందరపాటు. అరిగిన మోకాలిలోకి సన్నని గొట్టం పంపి కడగడం, గీకి శుభ్రపరచడం వలన కలిగే ప్రయోజనాన్ని హ్యూస్టన్‌లో 180 మందిపై పరీక్షించారు. చర్మంపై గాటు మాత్రమే పెట్టి పంపినవారి కంటె చికిత్స పొందినవారికి ఎక్కువ మేలు కలగలేదని 2002లో తేలింది.

ఎవరికి అవసరం, ఎవరికి అక్కరలేదు?

వయసు 45 ఏళ్ళు లేదా అంతకు మించి ఉండి, పని చేసినప్పుడు నొప్పి వస్తూ, ఉదయం బిగుతు లేకుండా లేదా అరగంటకు మించకుండా ఉంటే, ఏ చిత్రమూ తీయకుండానే కీలు అరుగుదలను నిర్ధారించవచ్చునని బ్రిటన్‌కు చెందిన ‘నైస్’ సంస్థ 2022 మార్గదర్శకం చెబుతోంది. ఇటువంటివారికి ఎంఆర్‌ఐ తీసినా తీయకున్నా తొలి చికిత్స ఒకటే.

కింది సందర్భాలలో వైద్యుడు ఎంఆర్‌ఐ కోరవచ్చు: పడిన తరువాత లేదా మోకాలు మెలిపడిన తరువాత వెంటనే వాచినప్పుడు, మోకాలు మధ్యలో పట్టేసి చాపలేనప్పుడు, కాలు నిలవక జారిపోతున్నట్లు ఉన్నప్పుడు, చిన్న వయసులోనే నొప్పి తగ్గకుండా ఉన్నప్పుడు, విశ్రాంతిలోను, రాత్రివేళను నొప్పి పెరుగుతున్నప్పుడు. మోకాలు ఎర్రబడి వేడెక్కి, జ్వరం కూడా ఉంటే స్కాన్ కోసం వేచి ఉండక ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి.

“ఈ రిపోర్టు వచ్చాక నా చికిత్సలో ఏమి మారుతుంది?” అని స్కాన్‌కు ముందే వైద్యుని అడగడం ప్రతి రోగికీ ఉన్న హక్కు. సమాధానం “ఏమీ మారదు” అయితే ఆ డబ్బు ఫిజియోథెరపీకి ఉపయోగపడుతుంది.

పరీక్షకు వెళ్ళేవారికి

గుండెలో పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, చెవిలో అమర్చిన యంత్రం, శరీరంలో రాడ్డు లేదా స్క్రూలు ఉంటే ముందుగానే చెప్పాలి. వెల్డింగు, లేతు పనులు చేసేవారు కంటిలో ఎప్పుడైనా ఇనుప రజను పడి ఉంటే తప్పక తెలపాలి. మంగళసూత్రం, మెట్టెలు, తాయెత్తు, లోహపు పూసలున్న మొలతాడు, జడపిన్నులు, సెల్‌ఫోను బయటనే వదలాలి. గర్భవతులు ఆ సంగతి చెప్పాలి. మోకాలి స్కాన్‌కు సుమారు అరగంట పడుతుంది. యంత్రం పెద్ద శబ్దం చేస్తుంది. చెవులకు రక్షణ ఇస్తారు. కాళ్ళు ముందుగా లోపలికి పంపుతారు గనుక తల సాధారణంగా బయటనే ఉంటుంది.

తొండియార్‌పేటలో తొలి అడుగు

మొదట నగరపాలక సంస్థ పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడం మంచిది. ఎముకల వైద్య నిపుణుని అవసరం ఉంటే పాత వన్నారపేటలోని ప్రభుత్వ స్టాన్లీ ఆస్పత్రి దగ్గరలోనే ఉంది. ప్రభుత్వ ఆస్పత్రులలో తమిళనాడు వైద్య సేవల సంస్థ నడిపే స్కాన్ కేంద్రాలలో రుసుము ప్రైవేటు కేంద్రాల కంటె తక్కువ. ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా కార్డు ఉన్నవారు దానిని వెంట తీసుకువెళ్ళి, ఏది వర్తిస్తుందో అడగాలి. కదలలేని వృద్ధులకు 2021 ఆగస్టులో మొదలైన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం కింద ఇంటి వద్దనే ఫిజియోథెరపీ లభిస్తుంది. సందేహాలకు 104 నంబరుకు ఫోను చేయవచ్చు.

తొలి చికిత్స మాత్రం ఇంటిలోనే మొదలవుతుంది. తొడ ముందు కండరాన్ని బలపరిచే వ్యాయామం రోజూ చేయాలి. అధిక బరువు ఉన్నవారు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోను మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. చేపలు శుభ్రపరిచేవారు, బట్టలు ఉతికేవారు గొంతుకూర్చోవడానికి బదులు ఎత్తైన పీటపై కూర్చోవడం మేలు. లిఫ్టు లేని గృహసముదాయాలలో మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి లేని కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు వేసి, కమ్మీ పట్టుకొని నడవాలి.