సెల్ బ్యాటరీ ఎందుకు ఉబ్బుతుంది? ఉబ్బితే ఏం చేయాలి?



వార్షికోత్సవ సంచికకు చదువుకు సంబంధించింది ఏదైనా రాయమన్నారు. నేను చదివింది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. పుస్తకంలో ఉన్న పాఠం మళ్లీ రాసే బదులు మన గదుల్లో ఉన్న కెమిస్ట్రీ రాద్దామనుకున్నాను. హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా వెనక మూత పైకి లేచిన ఫోను ఒకటైనా కనిపిస్తుంది. దానికి రబ్బరు బ్యాండు వేసి వాడుతుంటారు. ఏందిరా ఇది అంటే, "బ్యాటరీ ఉబ్బిందిలేన్నా, అయినా పని చేస్తాంది కదా" అంటారు.

ఎందుకలా అంటారో నాకు తెలుసు. ఆ ఫోను లేకపోతే స్కాలర్‌షిప్ ఓటీపీ రాదు, హాల్‌టికెట్ రాదు, ఇంటికి మాట ఉండదు. పులివెందుల వైపు చీనీ తోటల్లోనో, జమ్మలమడుగు వైపు నాపరాయి గనుల్లోనో కూలి చేసి అమ్మానాన్నలు కొనిచ్చిన ఫోను అది. కొత్త బ్యాటరీ వేయించుకో అని చెప్పడం తేలిక, డబ్బు తేవడం తేలిక కాదు. అయినా ఉబ్బిన బ్యాటరీని ఒక్కరోజు కూడా ఛార్జింగ్ పెట్టకూడదు. ఎందుకో చెబుతాను.

మన ఫోన్లలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. దీన్ని 1991లో జపాన్‌కు చెందిన సోనీ కంపెనీ మొదట మార్కెట్లోకి తెచ్చింది. దీనికి మూలమైన పరిశోధనలు చేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో కెమిస్ట్రీ నోబెల్ బహుమతి వచ్చింది. (పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.) లోపల ఒకవైపు రాగి రేకు మీద గ్రాఫైట్ పూత, ఇంకోవైపు అల్యూమినియం రేకు మీద లిథియం కలిసిన లోహ ఆక్సైడ్ పూత, ఆ రెండింటి మధ్య సన్నని ప్లాస్టిక్ పొర ఉంటాయి. వీటిని తడిపి ఉంచే ద్రవమే ఎలక్ట్రోలైటు. ఛార్జింగ్ పెడితే లిథియం అయాన్లు గ్రాఫైట్ వైపు పోతాయి, వాడేటప్పుడు తిరిగి వస్తాయి.

చిక్కంతా ఆ ద్రవంతోనే. అది నీళ్లలాంటిది కాదు, కిరోసిన్ మాదిరి అంటుకునే సేంద్రియ ద్రవం. బ్యాటరీ పాతబడినా, బాగా వేడెక్కినా, కావలసినదానికన్నా ఎక్కువ వోల్టేజి పడినా ఆ ద్రవం కొంచెం కొంచెంగా విడిపోయి కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్, మీథేన్ వంటి వాయువులు పుడతాయి. మూత గట్టిగా బిగించిన స్టీలు డబ్బాలో దోసెల పిండి పెట్టి ఎండాకాలం రాత్రంతా వదిలేస్తే పొద్దునకు ఏమవుతుంది? మూత తన్నుకొస్తుంది. ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ డబ్బా బదులు పలచని రేకు సంచి ఉంటుంది, లోపల మండే పదార్థం ఉంటుంది. ఒకసారి పుట్టిన గాలి మళ్లీ ద్రవంగా మారదు. కాబట్టి ఉబ్బిన బ్యాటరీకి రిపేరు అనేది లేదు, మార్చడమే.

మన పెద్దన్నలకు ఈ ఉబ్బు కొత్తది కాదు. నోకియా ఫోన్ల కాలంలో బ్యాటరీని బయటికి తీసి నున్నని బండమీద పెట్టి బొంగరంలా తిప్పి చూసేవారు. తిరగకుండా ఆగితే మంచిది, గిరగిరా తిరిగితే మధ్యలో ఉబ్బిందని లెక్క. 2007 ఆగస్టులో నోకియా కంపెనీ, మత్సుషితా తయారుచేసిన 4 కోట్ల 60 లక్షల బీఎల్-5సీ బ్యాటరీలు ఛార్జింగ్‌లో వేడెక్కే ప్రమాదముందని, అడిగిన వాళ్లకు ఉచితంగా మార్చి ఇస్తామని ప్రకటించింది. అప్పట్లో తమ బ్యాటరీ నంబరు చూసుకోని వాళ్లు తక్కువ. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లు బ్యాటరీలు కాలిపోవడం వల్లే మార్కెట్ నుంచి మొత్తంగా వెనక్కి పోయాయి.

ఇప్పటి ఫోన్లలో బ్యాటరీ లోపలే అతికించి ఉంటుంది, తిప్పి చూడటానికి లేదు. అందుకని బయటి గుర్తులు చూడాలి. ఫోను బల్లమీద పెడితే ఊగుతుందా? వెనక మూతకూ అంచుకూ మధ్య గోరు దూరే సందు వచ్చిందా? స్క్రీను ఒకపక్క లేచిందా, దానిమీద మచ్చలాగా కనిపిస్తోందా? పక్కనున్న బటన్లు బిగుసుకున్నాయా? నెయిల్ పాలిష్ లాంటి తియ్యటి వాసన వస్తే లోపలి సంచి చిల్లుపడిందని అర్థం. ఆ ఫోనును వెంటనే గది బయట పెట్టాలి.

మన ప్రాంతంలో ఉబ్బడానికి మొదటి కారణం ఎండ. చాలా కంపెనీలు ఫోనును 35 డిగ్రీల లోపు వేడిలో వాడమని చెబుతాయి. మార్చి నెలాఖరు నుంచి జూన్ దాకా ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో మధ్యాహ్నం అంతకన్నా తక్కువ ఉండే రోజులు ఎన్ని? బండల మిద్దెలైతే పగలు తాగిన ఎండను రాత్రి పదింటి దాకా కక్కుతూనే ఉంటాయి. అట్లాంటి గదిలో ఫోనును దిండు కింద పెట్టి, ఛార్జింగ్ ఎక్కిస్తూనే గేమ్ ఆడితే బ్యాటరీ వేడి ఎక్కడికి పోవాలి? బైకు ట్యాంకు కవరులో, బస్సు కిటికీ పక్కన, పొలంలో మోటారు రేకుల షెడ్డులో పెట్టడం కూడా ఇట్లాంటిదే. ఈ చివరిది ఇంటికి పోయినప్పుడు నాన్నలకు చెప్పండి.

రెండో కారణం నకిలీ ఛార్జర్లు, నకిలీ బ్యాటరీలు. మంచి బ్యాటరీలో ఛార్జింగ్ ఎక్కువైతే ఆపే చిన్న సర్క్యూట్ ఉంటుంది. చవక బ్యాటరీలో అది పేరుకే ఉండొచ్చు. మనదేశంలో అమ్మే ఫోను బ్యాటరీకి, ఛార్జర్‌కు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దానిమీద ఆర్ అక్షరంతో మొదలై ఎనిమిది అంకెలున్న నంబరు ఉంటుంది. ఆ నంబరును బీఐఎస్ కేర్ అనే యాప్‌లో కొడితే ఏ కంపెనీది, దేనికి ఇచ్చారు అన్నది వస్తుంది. షాపులో నిలబడే చూడవచ్చు. డబ్బులిచ్చేది మనమే కాబట్టి మొహమాటపడాల్సిన పని లేదు.

రాత్రంతా ఛార్జింగ్ పెడితే పేలుతుందా అని చాలామంది అడుగుతారు. మంచి ఫోను నిండగానే తనంతట తనే ఆపుకుంటుంది. కానీ నూరు శాతం నిండి, వేడిగా గంటల తరబడి ఉండటం బ్యాటరీకి చెడ్డ స్థితి, తొందరగా ముసలిదవుతుంది. 20కి దిగినప్పుడు పెట్టి 80కి వచ్చినప్పుడు తీస్తే ఎక్కువ కాలం మన్నుతుంది. కుదిరినప్పుడు అలా చేయండి, కుదరకపోతే కంగారు పడకండి. ఛార్జింగ్ పెట్టేటప్పుడు వెనక రబ్బరు కవరు తీసి, పరుపు మీద కాకుండా నేలబండ మీద పెట్టడం మాత్రం ఎవరికైనా కుదిరేదే.

ఇక ఉబ్బినట్టు తెలిస్తే ముందు ఛార్జర్ పీకేయండి, ఫోను స్విచాఫ్ చేయండి. సిమ్ తీసి స్నేహితుడి ఫోనులో వేసుకోండి, ఓటీపీల బాధ తీరుతుంది. లేచిన మూతను అదిమి మూయకూడదు. పిన్నీసుతో పొడిచి గాలి తీస్తే సర్దుకుంటుందని కొందరు చెబుతారు. అంతకన్నా ప్రమాదకరమైన సలహా లేదు. పిన్నీసు ఆ ప్లాస్టిక్ పొరను చీలిస్తే రెండు రేకులూ తగులుకుని క్షణాల్లో మంట లేస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టినా గాలి పోదు. పుస్తకాలకూ, పరుపులకూ దూరంగా బండమీదనో, పొడి ఇసుక పోసిన మట్టి చట్టిలోనో ఉంచి, వీలైనంత త్వరగా ఆ కంపెనీ సర్వీసు సెంటరుకో, నమ్మకమైన షాపుకో తీసుకుపోండి. పోయేటప్పుడు ప్యాంటు వెనక జేబులో పెట్టుకుని బస్సు సీటులో కూర్చోకండి. మూత విప్పే పని మెకానిక్‌దే.

ఒకవేళ బుస్సుమని శబ్దం, పొగ వస్తే ఫోనును చేత్తో పట్టుకోవద్దు. ఆ పొగ విషం, పీల్చకుండా అందరూ బయటికి రావాలి. బోర్డు దగ్గర కరెంటు ఆపాలి. ఇక్కడ పదో తరగతి తమ్ముళ్లకు ఒక సందేహం వస్తుంది. సోడియం నీళ్లలో వేస్తే మండుతుంది కదా, లిథియం కూడా అదే గ్రూపు కదా, నీళ్లు పోయొచ్చా అని. మంచి ప్రశ్న. ఫోను బ్యాటరీలో లిథియం దాదాపుగా అయాన్ల రూపంలోనే ఉంటుంది, లోహపు ముద్దగా ఉండదు. కాబట్టి కరెంటు ఆపిన తర్వాత దూరం నుంచి నీళ్లు ఎక్కువగా పోస్తే చల్లబడుతుంది. కొద్ది నీళ్లు చిలకరిస్తే లాభం లేదు, ఆరినట్టే ఆరి మళ్లీ అంటుకోవచ్చు. మంట పరుపులకు పాకితే 101కి ఫోను చేయాలి.

ఇదంతా భయపెట్టడానికి రాయడం లేదు. ఉబ్బిన ప్రతి బ్యాటరీ పేలదు. కానీ 2025లో మన ప్రొద్దుటూరు పక్కనే, యర్రగుంట్ల మండలం పోట్లదుర్తిలో, ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటరు పేలి దగ్గరలో నిద్రపోతున్న పెద్దావిడ చనిపోయింది. అది స్కూటరు, బ్యాటరీ ఎంతో పెద్దది. మన గదిలో ఉండేది చిన్నదే, కానీ ఒక్కో గదిలో ఎంతమంది పక్కపక్కనే పడుకుంటారో, తలాపున ఎన్ని ఫోన్లు ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు వేలాడుతుంటాయో మీకే తెలుసు.

అందుకని వార్డెన్ గారికీ, పూర్వ విద్యార్థులకూ ఒక విన్నపం. వరండాలో గోడకు ఒక కడపబండ అరుగు కట్టించి, దానిపైన విడిగా ఎంసీబీ ఉన్న స్విచ్ బోర్డు పెట్టిస్తే ఫోన్లన్నీ సాయంత్రం స్టడీ అవర్ వేళకు అక్కడే ఛార్జింగ్ ఎక్కుతాయి. రాత్రి గదుల్లో వైర్లు ఉండవు. ఒక బ్యాచ్ అన్నలు తలా కొంచెం వేసుకుంటే అయ్యే పని. నా వంతు నేను ఇస్తాను.

2022, 2023 డిసెంబరు నెలల్లో ప్రభుత్వం ఎనిమిదో తరగతి వాళ్లకు ఇచ్చిన ట్యాబులు ఇంకా కొందరి పెట్టెల్లో ఉన్నాయి. వేసవి సెలవులకు పోయేటప్పుడు వాటిని సున్నాకు దించి, రేకుల పెట్టెలో వేసి తాళం వేయవద్దు. సగం ఛార్జింగ్ ఉంచి, స్విచాఫ్ చేసి, చల్లని చోట పెట్టండి. నెలలపాటు పూర్తిగా ఖాళీగా ఉన్న బ్యాటరీకి ఒక్కసారిగా ఛార్జింగ్ పెడితే ఉబ్బే అవకాశం ఎక్కువ. ఇప్పటికే అలా వదిలేసి ఉంటే మొదటిసారి పగటిపూట, ఎదురుగా కూర్చుని ఛార్జింగ్ పెట్టి చూడండి.

మార్చిన పాత బ్యాటరీని హాస్టల్ వెనక చెత్తకుప్పలో వేయకండి, ఆ కుప్పకు వారానికోసారి నిప్పు పెడుతుంటారు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారుచేసిన కంపెనీలది. రాగి కొసలు కనపడకుండా ప్లాస్టిక్ టేపు చుట్టి, మార్చిన చోటే ఇచ్చి రండి.